తెనాలి డీటీపీ సెంటర్ సిస్టమ్‌: పాత హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి

శనివారం పొద్దున

తెనాలిలో మా బాబాయి డీటీపీ సెంటర్‌లో మెయిన్ సిస్టమ్‌ని ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళేలు లేకుండా చిప్‌ల మీద డేటా దాచే డిస్క్) మీదకి మార్చే పని ఇవాళ మొదలైంది. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాసి పెడతాను, ఇలాంటి సిస్టమ్‌లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి కాబట్టి ఎవరికో ఒకరికి పనికొస్తుంది. మూఢం నడుస్తోంది, పెళ్ళిళ్ళు లేవు, శుభలేఖల ఆర్డర్లు లేవు. మళ్ళీ ముహూర్తాలు మొదలైతే బాబాయి ఈ సిస్టమ్‌ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. ముహూర్తంతో పని లేకుండా వచ్చేది పెద్దకర్మ కార్డు ఒక్కటే, అది వస్తే మాత్రం పక్కనున్న చిన్న సిస్టమ్‌లో ఎలాగో నెట్టుకొస్తామని ఆపరేటర్ అక్క మాటిచ్చింది.

సిస్టమ్ 2018లో అసెంబుల్ చేయించింది. ఐ3-8100 ప్రాసెసర్, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున షట్టర్ ఎత్తి బటన్ నొక్కి, ఊడ్చి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, టీ తాగి వచ్చి కూర్చున్నా ఇంకా ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ప్రాసెసర్ తప్పేం లేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది, వేగం చూస్తే సెకనుకి 1 ఎంబీ కూడా లేదు. హార్డ్ డిస్క్‌లు ఒకే పెద్ద ఫైల్‌ని వరసగా బాగానే చదువుతాయి. వేలకొద్దీ చిన్న ఫైళ్ళను అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా చదవమంటేనే వాటి ప్రాణం పోతుంది, విండోస్ మొదలయ్యేటప్పుడు జరిగేది అచ్చంగా అదే.

'ఫైళ్ళు కాపీ చేసుకుని కొత్త ఎస్ఎస్‌డీలో ఫ్రెష్‌గా విండోస్ వేసేయ్, అరపూట పని' అని చాలామంది చెప్పారు. వేరే సిస్టమ్ అయితే నేనూ అదే చేసేవాణ్ణి. డీటీపీ సెంటర్లో మాత్రం ఫైళ్ళను కాపాడుకోవడం తేలిక, ఆ ఫైళ్ళు తెరుచుకునే సరంజామాని కాపాడుకోవడమే కష్టం. ఇక్కడ పని మొత్తం పేజ్‌మేకర్ 7లో నడుస్తుంది. 2001లో వచ్చిన, పేజీలు సర్దే సాఫ్ట్‌వేర్ అది, అడోబీ దాన్ని వదిలేసి ఇరవై ఏళ్ళు దాటింది. తెలుగు టైపింగ్ అను స్క్రిప్ట్‌తో. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఫైల్ లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కానే కావు, ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. అనుపమ, పల్లవి, ప్రియాంక లాంటి ఫాంట్ ఉంటేనే అవి తెలుగులా కనిపిస్తాయి. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో శుభలేఖ ఫైల్ తెరవండి, పేజ్‌మేకర్ ముందు 'పానోస్' అని ఫాంట్ల పెట్టె ఒకటి చూపిస్తుంది, ఓకే కొట్టగానే 'చి.ల.సౌ.' ఉండాల్సిన చోట డాలర్లు, బ్రాకెట్లు, పైన చుక్కలున్న ఏదో దేశపు అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. దీనికి తోడు అక్క చేతికి అలవాటైన ఆపిల్ కీబోర్డు లేఅవుట్, ఏడేళ్ళుగా సరిచూసుకుంటూ వచ్చిన ప్రింటర్ సెట్టింగులు, కార్డు సైజు టెంప్లేట్లు. ఇన్‌స్టలేషన్ సీడీలు ఎక్కడున్నాయని అడిగితే బాబాయి అటక వైపు చూశాడు. అటక మీద ఏముందో నాకు తెలుసు, ఎక్కలేదు.

కాబట్టి విండోస్‌ని ఉన్నది ఉన్నట్టుగా తరలించాలి. దానికన్నా ముందు ఫైళ్ళు మూడో చోట భద్రంగా ఉండాలి. ఈ వరస మాత్రం మారకూడదు.

శనివారం మధ్యాహ్నం

ముందు డిస్క్ ఆరోగ్యం చూశాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పసుపు రంగులో 'కాషన్' అంది. సెక్టార్ అంటే డిస్క్ మీద డేటా పట్టే చిన్న గడి. రీఎలొకేటెడ్ (చెడిపోతే వేరే చోటికి మార్చిన) సెక్టార్లు సున్నా, కరెంట్ పెండింగ్ సెక్టార్ల దగ్గర వరసగా సున్నాలు, చివర 18. ఇక్కడ ఒక సంగతి: ఈ సాఫ్ట్‌వేర్ మామూలుగా ఆ అంకెల్ని హెక్సాడెసిమల్‌లో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో) చూపిస్తుంది. అక్కడ 18 అంటే మన లెక్కలో 24. మెనూలోకి వెళ్ళి దశాంశంలోకి మార్చుకోవచ్చు. 24 సెక్టార్లు, ఒక్కోటి 512 బైట్లు. కానీ ఈ డిస్క్ లోపల అసలు సెక్టార్ 4,096 బైట్లు, అంటే 512వి ఎనిమిది కలిపితే ఒకటి. అలా చూస్తే నిజంగా చెడింది మూడు చోట్లే.

పెండింగ్ అంటే డిస్క్ చదవలేకపోయి, 'దీని సంగతి తర్వాత చూద్దాం' అని పక్కన పెట్టిన సెక్టార్ అన్నమాట. మూడు చోట్లే కదా అని ధీమాగా కూర్చోవడానికి లేదు, ఈ జబ్బు మొదలయ్యాక ఏ డిస్క్ ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఇలాంటప్పుడు చాలామంది మొట్టమొదట చెప్పే సలహా చెక్‌డిస్క్‌ని (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ కమాండ్) స్లాష్ ఆర్‌తో నడపమని. దయచేసి ఆ పని చేయకండి. అది డిస్క్ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా గంటల తరబడి చదివిస్తుంది, మధ్యలో ఫైల్ సిస్టమ్‌ని మారుస్తుంది కూడా. పోయేలా ఉన్న డిస్క్‌తో ముందు కాపీ తీయించుకోవాలి. రిపేరు చేసుకోవాలంటే కాపీ మీద చేసుకోవచ్చు.

పార్టిషన్లు (ఒకే డిస్క్‌ని విడగొట్టిన భాగాలు) చూస్తే మన అసెంబ్లింగ్ షాపుల స్టైలే. 549 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్, తర్వాత 146 జీబీ సీ డ్రైవ్ (1,50,000 ఎంబీ అని టైప్ చేస్తే వచ్చేది సరిగ్గా అంతే), ఆ తర్వాత డీ, ఈ, ఎఫ్. డిస్క్ మీద పార్టిషన్ల పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంది, బయాస్ (విండోస్‌కన్నా ముందు లేచే బోర్డు సాఫ్ట్‌వేర్) లెగసీ మోడ్‌లో, అంటే పాత పద్ధతిలో ఉంది. ఎంబీఆర్‌లో నాలుగే ప్రైమరీ పార్టిషన్లు పడతాయి. అందుకని ఎక్స్‌టెండెడ్ అనే ఒక పెద్ద సంచి పెట్టి, అందులో డీ, ఈ, ఎఫ్ అని చిన్న సంచులు సర్దేశారు. ఈ అమరిక మనకి ఒకచోట కలిసొస్తుంది, ఒకచోట అడ్డం పడుతుంది. రెండూ ముందుకెళ్ళాక చెప్తాను.

ఏ ఎస్ఎస్‌డీ కొనాలనేది పెద్ద చర్చే అయింది. బోర్డులో ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డుకి గుచ్చే చోటు) ఉంది, షాపతను అందులో పెట్టే వేగమైన రకం, ఎన్‌వీఎంఈ తీసుకోమన్నాడు, సెకనుకి 3,500 ఎంబీ అని డబ్బా మీద రాసుంది. కానీ హెచ్310 చిప్‌సెట్ ఇచ్చేది పీసీఐఈ రెండో తరం లేన్లు (డేటా వెళ్ళే దారులు), ఈ బోర్డు మాన్యువల్ ప్రకారం ఆ స్లాట్‌కి వచ్చేవి రెండే. ఒక్కో లేన్‌కి 500 ఎంబీ చొప్పున కాగితం మీదే 1,000 ఎంబీ దాటదు. పాత హార్డ్ డిస్క్‌లాగే కేబుల్‌తో తగిలించే సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా ఇస్తుంది. శుభలేఖ ఫైల్ తెరవడంలో ఈ రెండిటి తేడా మనిషి కంటికి ఆనదు. పైగా సాటా నుంచి సాటాకే వెళ్తే విండోస్‌కి కొత్త డ్రైవర్ గొడవ ఉండదు, నీలం తెర మీద 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' చూసే అవకాశం బాగా తగ్గుతుంది. 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, ఒక సాటా కేబుల్, బ్యాకప్‌కి 1 టీబీ పోర్టబుల్ డిస్క్ తెచ్చాం. ఈమధ్య ఎస్ఎస్‌డీల రేట్లు పెరిగాయి, బాబాయి బిల్లు చూసి 'ఇంతెందుకురా అబ్బాయ్' అని ఒకసారి, డబ్బులిస్తూ ఇంకోసారి అన్నాడు.

శనివారం సాయంత్రం

అక్కని కూర్చోబెట్టి ఏయే ఫోల్డర్లు పోతే పని ఆగిపోతుందో అడిగాను. డీ డ్రైవ్‌లో ఏడాది వారీగా ఉన్న ఆర్డర్లు అంది, ఈ డ్రైవ్‌లో క్లిప్‌ఆర్టులు, వినాయకుడి బొమ్మలు, బోర్డర్లు అంది. ఎఫ్‌లో ఏముందంటే నవ్వింది. అంటే సినిమాలు. ఇంకా అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, ఈ నెల వచ్చిన ఆర్డర్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి, కస్టమర్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, మేటర్ అన్నీ డౌన్‌లోడ్స్‌లో ఉన్నాయి. ఆ రెండూ సీ డ్రైవ్‌లోవే. 'డీ డ్రైవ్ కాపీ చేసుకున్నాం కదా' అని సీ ఫార్మాట్ కొట్టి తల పట్టుకున్నవాళ్ళ కథలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

కాపీకి రోబోకాపీ వాడాను, విండోస్‌లోనే ఉంటుంది. పోతున్న డిస్క్ మీద దీన్ని వాడేటప్పుడు రెండు ఆప్షన్లు తప్పనిసరిగా ఇవ్వాలి: ఆర్ 1 (మళ్ళీ ఒక్కసారే ప్రయత్నించు), డబ్ల్యూ 1 (ఒక్క సెకనే ఆగు). ఇవ్వకపోతే చదవలేని ఫైల్ తగిలిన ప్రతిసారీ అది పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, ఒక్కో ప్రయత్నానికి మధ్య 30 సెకన్లు ఆగుతుంది. అదే దాని డిఫాల్ట్, జోక్ కాదు. తెల్లారి వచ్చి చూస్తే మొదటి చెడ్డ ఫైల్ దగ్గరే కూర్చుని ఉంటుంది. లాగ్ కూడా ఫైల్‌లోకి రాయించాలి, తెర మీద పరిగెత్తే పేర్లను ఎవరు చదువుతారు.

వరస: డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, తర్వాత విండోస్ ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం, తర్వాత డీ, చివర్లో ఈ. ముఖ్యమైంది ముందు, ఎందుకంటే డిస్క్ మధ్యలో చేతులెత్తేసినా అప్పటిదాకా వెళ్ళింది దక్కుతుంది. డీలో 190 జీబీ దాకా ఉంది, చిన్న ఫైళ్ళు కాబట్టి షాపు కట్టేసే వేళకి గానీ అవలేదు. డీ లాగ్‌లో ఫెయిల్డ్ కాలమ్ సున్నా. ఈ (E) డ్రైవ్ లాగ్‌లో మాత్రం ఒకటి: ఎర్రర్ 23, డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్, అంటే ఆ ఫైల్‌ని సరిగా చదవలేకపోయింది. అది పూర్ణకుంభం క్లిప్‌ఆర్ట్ ఒకటి. అక్కకి చెప్తే 'అలాంటివి ఇంకో నలభై ఉన్నాయి, పోనీ' అంది. మూడు చెడ్డ చోట్లలో ఒకటి అలా దొరికింది.

కాపీ అయిపోయిందని ఊరుకోకుండా పోర్టబుల్ డిస్క్‌ని పక్క సిస్టమ్‌కి పెట్టి, 2019 ఫోల్డర్‌లోవి కొన్ని, పోయిన వారంవి కొన్ని తెరిచి చూశాం. తెరుచుకున్నాయి. ఇక ఎస్ఎస్‌డీకి ఏమైనా, పాత డిస్క్‌కి ఏమైనా పని పోదు.

పడుకునే ముందు చేసిన చివరి పని, కమాండ్ ప్రాంప్ట్‌లో హైబర్నేషన్ ఆపేయడం. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో డిస్క్‌ని బయటి నుంచి కాపీ చేస్తే ఫైల్ సిస్టమ్ నడిమధ్యలో ఉన్నట్టు వస్తుంది.

ఆదివారం పొద్దున

కేబినెట్ విప్పితే లోపల ఏడేళ్ళ దుమ్ము, పేపరు నూగు. బ్లోయర్‌తో బయటికి తీసుకెళ్ళి కొట్టించాం. బోర్డు మీద ఖాళీ సాటా పోర్టులున్నాయి, ఎస్ఎంపీఎస్‌లో ఖాళీ పవర్ కనెక్టర్ ఉంది, ఎస్ఎస్‌డీని పాత డిస్క్ పక్కనే పెట్టాను. యూఎస్‌బీ డబ్బాలు, అడాప్టర్లు ఏం లేవు. చెడ్డ సెక్టార్లున్న డిస్క్‌ని యూఎస్‌బీ మీదుగా చదివిస్తే మధ్యలో కనెక్షన్ తెగడం లాంటి తలనొప్పులు ఉంటాయి, నేరుగా బోర్డుకి పెట్టగలిగితే అదే మేలు.

మామూలు క్లోనింగ్ (డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టు నకలు తీసే) సాఫ్ట్‌వేర్లు చెడ్డ సెక్టార్ తగలగానే ఆగిపోతాయి, లేదా గంటలకొద్దీ దాని మీదే పడి ఏడుస్తాయి. అందుకే సిస్టమ్‌రెస్క్యూ అనే లైవ్ లినక్స్‌ని (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చి, అందులో ఉండే గ్నూ డీడీరెస్క్యూ వాడాను. అది ముందు బాగున్న చోట్లన్నీ గబగబా చదివేసి, చెడ్డ చోట్లను వదిలేసుకుంటూ వెళ్ళి, ఎక్కడెక్కడ వదిలిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఆ తర్వాతే వెనక్కొచ్చి వాటి పని పడుతుంది. ఆ మ్యాప్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్ లైవ్ సెషన్‌లో పెట్టుకోకూడదు, రీస్టార్ట్ అయితే పోతుంది. పోర్టబుల్ డిస్క్‌లో పెట్టాను.

పాత అమరిక కలిసొచ్చిన చోటు ఇదే. 1 టీబీ డిస్క్ 500 జీబీలో పట్టదు కదా అని అందరూ భయపడతారు. కానీ సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ డ్రైవ్ రెండూ డిస్క్ మొదట్లోనే వరసగా ఉన్నాయి, రెండూ కలిపి 147 జీబీ దగ్గర ముగుస్తాయి. డీడీరెస్క్యూకి సైజు పరిమితి చెప్పొచ్చు. మొదటి 150 జీబీ మాత్రం చదవమన్నాను. అందులో బూట్ కోడ్, డిస్క్ సిగ్నేచర్ (విండోస్ డిస్క్‌ని గుర్తుపట్టే నంబర్), పార్టిషన్ టేబుల్, విండోస్ అన్నీ వచ్చేస్తాయి, ఎక్కడ మొదలైంది అక్కడే మొదలవుతుంది, అంగుళం కూడా జరగదు. దేన్నీ కుదించక్కర్లేదు.

ఎంటర్ కొట్టే ముందు ఏది మూలం, ఏది గమ్యం అన్నది సైజు, మోడల్, సీరియల్ నంబర్ చూసి సరిచూశాను. డిస్క్ మీద అంటించిన స్టిక్కర్‌లోని సీరియల్ నంబర్‌ని బాబాయి చదువుతుంటే నేను తెర మీద చూసుకున్నాను. తారుమారైతే ఖాళీ ఎస్ఎస్‌డీ వచ్చి విండోస్ మీద కూర్చుంటుంది.

మొదటి విడత స్క్రేపింగ్ (చెడ్డ చోట్లను సెక్టార్ సెక్టార్‌గా గీకి చదవడం) లేకుండా. సెకనుకి 170, 180 ఎంబీ దాకా పోయింది. డిస్క్ మొదటి భాగం పళ్ళెం అంచున ఉంటుంది, ఒక చుట్టులో ఎక్కువ డేటా పడుతుంది కాబట్టి సీ డ్రైవ్ వేగంగా చదవబడటం మామూలే. సగం దాటాక కరెంటు పోయింది. ఆదివారం కదా, లైన్ పనులు. యూపీఎస్ కీచుకీచుమంటుంటే కంట్రోల్ సీ కొట్టి ఆపి, పద్ధతిగా షట్‌డౌన్ చేశాను. కరెంటు వచ్చాక అదే కమాండ్, అదే మ్యాప్ ఫైల్. ఆగిన చోటి నుంచే అందుకుంది. బాబాయికి ఈ మొత్తం పనిలో బాగా నచ్చింది ఇదే.

ఆదివారం మధ్యాహ్నం

మొదటి విడత అయ్యాక రెండో విడత, ఈసారి డైరెక్ట్ యాక్సెస్ (లినక్స్ కాష్‌ని దాటి నేరుగా డిస్క్ నుంచి చదవడం), మూడు రీట్రైలు. డిస్క్ నుంచి టిక్, టిక్ అని చప్పుడు, మధ్యలో కాస్త మౌనం, మళ్ళీ టిక్. తెర మీద 'బ్యాడ్ సెక్టార్' దగ్గర 8,192 బైట్లున్నది కాసేపటికి 4,096 అయింది. అంటే సీ ప్రాంతంలో ఉన్న రెండు చెడ్డ చోట్లలో ఒకటి దక్కింది, ఒకటి దక్కలేదు.

ఆ 4,096 బైట్లు ఏ ఫైల్‌లోవి అన్నది తేలకపోతే నాకు నిద్ర పట్టదు. అది ఫాంట్ ఫైలే అయితే? మ్యాప్ ఫైల్‌లో ఆ చోటు డిస్క్ మొదటి నుంచి ఎన్ని బైట్ల దూరమో హెక్సాలో ఉంటుంది. దాన్ని 512తో భాగించి, అందులోంచి సీ పార్టిషన్ మొదలయ్యే సెక్టార్ నంబర్ తీసేస్తే పార్టిషన్ లోపలి సెక్టార్ వస్తుంది. దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్‌క్లస్టర్ అనే కమాండ్‌కి ఇస్తే ఫైల్ పేరు చెప్తుంది. సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్‌లో డౌన్‌లోడ్ కింద ఎప్పటిదో విండోస్ అప్‌డేట్ ముక్క. అది చెత్త, ఆ ఫోల్డర్ ఖాళీ చేసినా విండోస్ ఏమీ అనుకోదు. 'అప్‌డేట్ పోయిందా, పోతే పోయింది, అదెప్పుడూ వేళ కాని వేళే వచ్చేది' అన్నాడు బాబాయి.

ఇక ఎస్ఎస్‌డీ మీద పార్టిషన్ టేబుల్‌లో ఎక్స్‌టెండెడ్ ఎంట్రీ మిగిలింది. అది ఎస్ఎస్‌డీ చివర దాటి ఎక్కడికో పోతున్నట్టు చూపిస్తోంది, పాత 1 టీబీ డిస్క్ (విండోస్ లెక్కలో 931 జీబీ) కొలత కదా. ఎఫ్‌డిస్క్‌తో ఆ ఎంట్రీ ఒక్కటి తీసేశాను. మిగిలినవి రెండు ప్రైమరీలు.

పాత డిస్క్ కేబుల్ పీకి, అదే పోర్టుకి ఎస్ఎస్‌డీ పెట్టి బటన్ నొక్కాను. పాత డిస్క్‌ని పీకడం తప్పనిసరి. రెండిటికీ ఒకే డిస్క్ సిగ్నేచర్ ఉంటుంది, రెండూ కలిసి కనిపిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, లేదా ఏ డిస్క్ నుంచి లేచిందో మనకే అర్థం కాకుండా పోతుంది. విండోస్ లోగో, గుండ్రం కొద్దిగా తిరిగి, లాగిన్ తెర. అక్క 'అప్పుడే?' అంది.

ఆదివారం సాయంత్రం

లేచాక మొదట చెక్‌డిస్క్, ఇప్పుడు ఎస్ఎస్‌డీ మీద, స్లాష్ ఎఫ్‌తో. నిమిషంలో అయిపోయింది. తర్వాత సిస్టమ్ ఫైల్ చెకర్, ఏమీ బయటపడలేదు.

లెగసీ, ఎంబీఆర్ అలాగే ఉంచేసినా సిస్టమ్ నడుస్తుంది. కానీ రేపు విండోస్ 11కి వెళ్ళాలంటే లెగసీ బదులు వచ్చిన కొత్త బూట్ పద్ధతి, యూఈఎఫ్ఐ కావాలి, ఇంత పని పెట్టుకున్నాక అది మాత్రం ఎందుకు వదలాలి. విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అని ఒక టూల్ ఉంటుంది, డేటా చెరపకుండా డిస్క్‌ని ఎంబీఆర్ నుంచి కొత్త పట్టిక పద్ధతి జీపీటీకి మారుస్తుంది. పాత అమరిక అడ్డం పడేది ఇక్కడ: డిస్క్ మీద మూడుకి మించి ప్రైమరీలు ఉండకూడదు, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అసలే ఉండకూడదు. డీ, ఈ, ఎఫ్‌లతో సహా మొత్తం డిస్క్‌ని క్లోన్ చేసి ఉంటే వ్యాలిడేషన్ దగ్గరే ఫెయిల్ అనేది. మనకి రెండే ఉన్నాయి, వ్యాలిడేట్ సక్సెస్, కన్వర్ట్ కూడా సక్సెస్. చివర్లో 'రీఏజెంట్ ఎక్స్ఎంఎల్ అప్‌డేట్ చేయలేకపోయాను' అని ఒక లైన్ వచ్చింది. దానికి బెంగపడక్కర్లేదు, రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీని ఒకసారి డిసేబుల్ చేసి మళ్ళీ ఎనేబుల్ చేస్తే సర్దుకుంది.

రీస్టార్ట్ చేసి బయాస్‌లో సీఎస్ఎం (పాత లెగసీ పద్ధతిని నడిపే సెట్టింగు) ఆఫ్ చేసి, బూట్ లిస్టులో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చాను. లేచింది. ఈ దశ దాటాక ఎస్ఎస్‌డీ జీపీటీ అయిపోయింది కాబట్టి పాత డిస్క్‌తో సిగ్నేచర్ తగాదా కూడా పోయినట్టే. అయినా దాన్ని మళ్ళీ తగిలించలేదు, అవసరం లేదు.

మిగిలిన ఖాళీలో రెండు పార్టిషన్లు చేశాను, 240 జీబీది ఒకటి, మిగిలిందంతా ఇంకొకటి. ఎస్ఎస్‌డీలో పార్టిషన్లు చేస్తే వేగం పెరగదు, మామూలుగా అయితే చేయను. ఇక్కడ చేసింది అక్షరాల కోసం. పేజ్‌మేకర్ ఫైల్‌లో పెట్టిన బొమ్మలు చాలావరకు లింకులే, ఆ లింకులో డీ డ్రైవ్, ఈ డ్రైవ్ అని పూర్తి దారి ఉంటుంది. వినాయకుడు ఈ (E) డ్రైవ్‌లో ఉండాలి అంటే అక్కడే ఉండాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే డీవీడీ రైటర్ తెలివిగా డీ అక్షరం తీసుకుని కూర్చుంది. దాన్ని జెడ్‌కి పంపి, కొత్త పార్టిషన్లకి డీ, ఈ ఇచ్చి, పోర్టబుల్ డిస్క్ నుంచి ఫోల్డర్లు అదే పేర్లతో వెనక్కి పోయించాను. ఎఫ్ లేదు. సినిమాల గురించి ఎవరూ అడగలేదు, ఇంకా.

సోమవారం

షాపు తెరిచాక అక్క పరీక్ష పెట్టింది. 2019లో చేసిన ఒక శుభలేఖ తెరిచింది. ఫాంట్ల పెట్టె రాలేదు, వినాయకుడు తన చోట ఉన్నాడు, 'స్వస్తిశ్రీ చాంద్రమాన' దగ్గర స్వ కింద వత్తు కూడా ఎక్కడికీ జరగలేదు. ఆపిల్ లేఅవుట్‌లో నాలుగు లైన్లు కొట్టింది, ప్రింటర్‌కి పంపింది, పాత కార్డుని కొత్త ప్రింట్ మీద పెట్టి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మార్జిన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నా పని అయిందని నాకు తెలిసింది అప్పుడే.

విండోస్ యాక్టివేషన్ ఏమీ అడగలేదు. డిజిటల్ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్ మార్చినంత మాత్రాన పోదు. ట్రిమ్ (డిలీట్ చేసిన చోట్లు ఖాళీ అయ్యాయని ఎస్ఎస్‌డీకి చెప్పే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో చూశాను, 'డిసేబుల్ డిలీట్ నోటిఫై' విలువ సున్నా అని వస్తే ఆన్‌లో ఉన్నట్టు (పేరు తలకిందులుగా పెట్టారు, ఏం చేస్తాం). డిఫ్రాగ్ తెర మాత్రం ఎస్ఎస్‌డీని ఇంకా హార్డ్ డిస్క్ అనే అంటోంది, క్లోన్ చేసినప్పుడు ఇలా అవుతుంటుంది. విన్‌శాట్ (సిస్టమ్ వేగం కొలిచే విండోస్ కమాండ్) ఒకసారి నడిపితే 'సాలిడ్ స్టేట్ డ్రైవ్' అని దిద్దుకుంది.

వేగం సంగతి: బటన్ నొక్కిన దగ్గర్నుంచి పేజ్‌మేకర్ తెరుచుకునేదాకా అర నిమిషం, అటూ ఇటూ. అయితే ఒకటి, పెద్ద ఫ్లెక్స్ ఫైల్‌ని పీడీఎఫ్ చేయడం ఏమంత మారలేదు, అది ప్రాసెసర్ పని, ఎస్ఎస్‌డీకి సంబంధం లేదు. ఎస్ఎస్‌డీ వేస్తే అన్నీ పరిగెడతాయని చెప్పి అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు.

బుధవారం

పాత డిస్క్‌ని తుడవలేదు. తేదీ రాసి, 'చెడు సెక్టార్లు ఉన్నవి, వాడవద్దు' అని స్టిక్కర్ అంటించి సొరుగులో పెట్టాం. ముహూర్తాల సీజన్ ఒకటి పూర్తిగా గడిచాక చూద్దాం.

విండోస్ 11 ఇప్పుడే వద్దనుకున్నాం. ఐ3-8100 దాని లిస్టులో ఉంది, బయాస్‌లో ఇంటెల్ పీటీటీ ఆన్ చేస్తే విండోస్ 11 అడిగే భద్రతా ఏర్పాటు టీపీఎం 2.0 కూడా ఉన్నట్టే, ఇప్పుడు యూఈఎఫ్ఐ కూడా వచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయినా, ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి, నమోదు చేశాను. ఈలోగా ఈ ఎస్ఎస్‌డీకి ఒక ఇమేజ్ (మొత్తం డిస్క్ నకలు) తీసి, పక్క డిస్క్ మీద 11 వేసి, పేజ్‌మేకర్, అను, ప్రింటర్ మూడూ నడుస్తాయో లేదో చూశాకే దీని జోలికి వెళ్తాను.

మిగిలింది బ్యాకప్. ఎస్ఎస్‌డీ పోయేటప్పుడు హార్డ్ డిస్క్‌లా టిక్ టిక్ అని చెప్పి పోదు, చాలాసార్లు ఒక పొద్దున అసలు కనిపించడం మానేస్తుంది. పోర్టబుల్ డిస్క్‌కి రోజూ మధ్యాహ్నం భోజనం వేళ రోబోకాపీ నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. రాత్రికి పెడితే షాపు కట్టేసి మెయిన్ ఆపేస్తారు. మిర్రర్ ఆప్షన్ మాత్రం ఇవ్వలేదు, ఇక్కడ పొరపాటున డిలీట్ చేస్తే అక్కడా చెరిపేస్తుంది అది. మామూలు స్లాష్ ఈ (/E, లోపలి ఫోల్డర్లతో సహా కాపీ) చాలు, డిస్క్ కాస్త త్వరగా నిండుతుంది, నిండినప్పుడు చూసుకుందాం. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లని కూడా ఆ లిస్టులో కలిపాను. డెస్క్‌టాప్ మీద ఫైళ్ళు పెట్టొద్దని అక్కకి చెప్పి చూశాను, 'సరే తమ్ముడూ' అంది, అంటూనే వాట్సాప్‌లో వచ్చిన పెద్దకర్మ కార్డు ఫొటోని డెస్క్‌టాప్ మీదకి లాగింది.